ఆ మూడు గంటలు ఇల్లెవరిది

మధ్యాహ్నం రెండింటికి ఫోను.
"మేడమ్, మీ హోమ్‌లోను తొమ్మిదింబావు మీద నడుస్తోంది.
మా బ్యాంకుకి మార్చుకుంటే ఎనిమిదిన్నర."
నా వడ్డీ సంగతి నీకెవరు చెప్పారని అడగలేదు.
చేతిలో బీరకాయ.
చేదేమోనని ఓ చిన్న ముక్క కొరికి
నాలుక మీదే ఉంచుకున్నాను.

పేరు ప్రణీత్ అన్నాడు.
నెలకి తొమ్మిది వందలు మిగులుతాయి,
పదకొండేళ్ళకి లక్షా పద్దెనిమిది వేల ఎనిమిది వందలు.
ఎక్కాలు అప్పజెప్పే పిల్లాడిలా
గుక్కతిప్పుకోకుండా చెప్పాడు.

రాత్రి కరెంటు బిల్లు వెనక లెక్కేశాను.
ప్రాసెసింగు ఫీజు, దాని మీద జీఎస్టీ,
కాగితాలు చదివే లాయరుకి,
గోడలు తట్టి చూసిపోయే ఇంజినీరుకి,
మళ్ళీ కొత్తగా తనఖా రాసే స్టాంపుకి.
మొదటి మూడేళ్ళ మిగులు
ఇంట్లోకి రాకముందే గుమ్మంలో కరిగిపోయింది.

శాయిలు జలమండలిలో మీటర్లు చూస్తాడు.
తన కంటితో చూడని అంకెను నమ్మడు.
"ఏరు నడుమ ఓడ మారుమంటుండా వాడు?" అని
అటు తిరిగి పడుకున్నాడు.

నాకు నిద్ర పట్టలేదు.
మూడో అంతస్తు పారిజాతం గారు గుర్తొచ్చారు.
పోయినేడు పాత హెల్త్ పాలసీ వదిలేసి కొత్తది కొన్నారామె.
ప్రీమియం తక్కువ, పైగా అడుగులు లెక్కపెట్టే వాచీ ఉచితం.
ఏడో నెలలో పిత్తాశయంలో రాయి.
రాళ్ళకి రెండేళ్ళు ఆగాలన్నారు కంపెనీవాళ్ళు.
ఆగమని రాయికెవరు చెప్తారు?
క్యాష్ కౌంటరుకీ వార్డుకీ మధ్య
ఆవిడ తిరిగిన తిరుగుడుకి
పదివేల అడుగులు పూర్తయ్యాయని
వాచీ మాత్రం శభాష్ అంది.

మర్నాడు మళ్ళీ ప్రణీత్.
ఈసారి నేనే అడిగాను:
"మా ఇంటి కాగితాలు మీ దగ్గరికి ఎట్లొస్తాయి?"
"మా బాయ్ తెస్తాడు మేడమ్, బైకు మీద.
తార్నాక నుంచి బేగంపేట. మహా అయితే మూడు గంటలు."
బయట వాన మొదలైంది.
ఆ ఫ్లైఓవర్ కింద మోకాటిలోతు నీళ్ళు,
ఆగిపోయిన బండి, కాళ్ళ మధ్య బ్యాగు,
బ్యాగులో కాప్రా రిజిస్ట్రారు ఆఫీసులో
ప్రతి పేజీకి ఒకలా పెట్టిన నా సంతకం,
ఊదారంగు వేలిముద్రలు.
"వాళ్ళు ఇచ్చేశాక, మీరు తీసుకోకముందు
ఆ మూడు గంటలు ఇల్లెవరిది బాబూ?"

అటువైపు కాసేపు ఫ్యాను చప్పుడే.
"ఇది మా స్క్రిప్టులో లేదు మేడమ్."
"నీకు ఇల్లుందా?"
"అమీర్‌పేట హాస్టల్లో మంచం ఉంది. కిటికీ పక్కది."

శనివారం తార్నాక బ్రాంచికి నేనే పోయాను.
పోతామని చెప్పడానికి కాదు,
ఎందుకు పోవాలనిపిస్తోందో చెప్పడానికి.
కళ్ళద్దాల మేనేజరమ్మ నాలుగు మీటలు నొక్కి
ఎనిమిదీ ముప్పావు చేసింది. అంతే.
చిన్న ఫీజు, ఒక సంతకం.
"ముందే చేయొచ్చు కదమ్మా?"
"మీరు అడగలేదు కదా."

కొత్తవాణ్ణి అనుమానించడం నాకు బాగా వచ్చు.
పాతవాణ్ణి అడగడం రాదు.
ఆ రాని విద్యకి ఆరేళ్ళు వడ్డీ కట్టాను.

లేవబోతూ అడిగాను,
దస్తావేజు ఒకసారి చూడొచ్చా అని.
ఆమె నవ్వింది. "అవి ఇక్కడెందుకుంటాయమ్మా,
ముంబై అవతల గోడౌన్లో ఉంటాయి."
అయితే మా ఇల్లు ఎప్పుడో రైలెక్కింది.
నాకు చెప్పలేదు.

మౌలాలి చేరేసరికి చీకటి.
తాళం ఎప్పటిలాగే ఇరుక్కుంది.
తలుపును కాస్త పైకెత్తి,
కాస్త నా వైపు లాక్కుని తిప్పాలి.
శాయిలుకి కూడా ఇంకా సరిగ్గా రాదది.
లోపలినుంచి అరుస్తున్నాడు,
"బీరకాయ కూర చేదైంది, చూడలేదా?"